దండం పెట్టినంతసేపు

షెడ్డుల్లో పని నేర్చుకుంటున్న మీలో చాలామందికి కారు పికప్ చూడటమంటే ఫోను తీసి అద్దానికి అంటించడమే. తప్పేం లేదు. నేను కూడా ఒక కారుకి అలా అద్దానికి అంటించే పెట్టెతోనే పికప్ చూశాను. అనకాపల్లిలో ఇంజన్ల పని చేసిన ఇన్నేళ్ళలో ఆ ఒక్క కారుకే. ఆ సంగతి రాస్తున్నాను. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. పాస్టరుగారి భార్య చర్చి వరండాలో కూర్చోబెట్టి నేర్పింది. మాట ఎక్కడైనా మర తప్పి ఎక్కిన బోల్టులా వంకరగా ఉంటే మీరే సరిగ్గా బిగించుకోండి.

ముందు మా బావ గురించి చెప్పాలి. చుట్టరికంలో బావ కాదు. మా వైపు మగవాళ్ళం నాలుగు రోజులు పక్కపక్కన పని చేస్తే బావా అని పిలుచుకుంటాం. అతను చీడికాడ వైపు నుంచి వచ్చాడు, నేను ఎస్. రాయవరం వైపు నుంచి. హైవే పక్కన లారీల షెడ్డులో ఒకే మేస్త్రి చేత తిట్లు తిన్నాం, ఒకే స్టవ్వు మీద అన్నం వండుకున్నాం. తరువాత ఇద్దరం కలిసి బెల్లం మార్కెట్టుకి వెళ్ళే దారిలో రేకుల షెడ్డు వేసుకున్నాం. పని పంచుకోవడంలో మాకు ఏనాడూ మాట తేడా రాలేదు. విప్పడం, బిగించడం, బరువులెత్తడం నావి. వినడం అతనిది.

వినడం అంటే మామూలు వినడం కాదు. బారెడు స్క్రూడ్రైవరు ఒకటి ఉండేది, చెక్క పిడిది. దాని మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. డాక్టరు గొట్టం పెట్టి చూసినట్టే. కాసేపటికి ఫలానా సిలిండర్లో వాల్వు వదులయింది అనేవాడు. నేను విప్పి చూస్తే అదే. ఒక్కోసారి అది కాకూడదని కోరుకుంటూ విప్పేవాడిని. అయినా అదే అయ్యేది. ఒళ్ళు మండేది.

అతనికి ఇంకో అలవాటు ఉండేది. పనిలోకి వచ్చిన కొత్తలో పాడేరు ఘాటు మీదకి ట్రయలుకి తీసుకెళ్ళిన జీపుకి బ్రేకులు అందలేదట. కొండవైపు గుద్దించి బతికాడు. అప్పటి నుంచి నిమ్మకాయలు లేకుండా ట్రయలు బండి ఎక్కలేదు. అందరూ కొత్త బండికి ఒకసారి తొక్కించి ఊరుకుంటారు. ఇతను ట్రయలు ట్రయలుకీ తొక్కించేవాడు. నాలుగు చక్రాల ముందూ నాలుగు కాయలు పెట్టాలి. బండిని మెల్లగా వాటి మీదకి ఎక్కించి, అవి చిట్లాక బ్రేకు తొక్కి ఆపేవాడు. స్టీరింగు వదిలేసి, నూకాలమ్మ గుడి ఎటువైపు ఉంటే అటు తిరిగి రెండు చేతులూ జోడించేవాడు. పెదాలు కదిలేవి. అదయ్యాకే యాక్సిలరేటరు. షెడ్డులో ఫ్యాను బెల్టుల పక్కన మేకుకి నిమ్మకాయల సంచి ఎప్పుడూ వేలాడుతూ ఉండేది.

మాది చర్చికి వెళ్ళే ఇల్లు. నాకు ఆ గోల నచ్చేది కాదు. పులుసులో పిండుకోవాల్సినవి చక్రాల కింద పోస్తున్నావని అనేవాడిని. దానికి అతని జవాబు ఎప్పుడూ ఒకటే.

"మీ దేవుడు ఆదివారం పూటే డూటీ సేత్తాడు బావా. మా అమ్మ రోజూ సేత్తాది."

అన్నాడంటే నేను నోరు మూసుకోవాల్సిందే. ఎందుకంటే ఆదివారం షెడ్డు తెరిచేది అతనొక్కడే. పోనుపోను అతని మోకాళ్ళు వంగడం మానేశాయి. నిమ్మకాయలు పెట్టే పని కూడా నా మీద పడింది. చర్చి వాళ్ళు ఎవరైనా అటు వెళుతుంటే చక్రం గాలి చూస్తున్నట్టు వంగి, టక్కున కాయ తోసేసేవాడిని.

వయసు మీద పడ్డాక మోకాళ్ళ దారే చెవులు కూడా పట్టాయి. మొదట టీకొట్టు ఆవిడ కనిపెట్టింది. చక్కెర వద్దన్నా వేస్తున్నావని బావ ఆవిడని కసిరితే, నేనడిగినప్పుడు నువ్వు తలూపావు కదా అంది. తరువాత బాగుచేసి పంపిన బండ్లు తిరిగి రావడం మొదలైంది. ఒకటి వచ్చింది, ఇంకొకటి వచ్చింది. మా బావ విన్న బండి తిరిగి రావడం నేను అంతకు ముందు చూడలేదు. మా వరసలో షెడ్డుల వాళ్ళు మంచివాళ్ళే గానీ నాలుకలు మంచివి కావు. "అమ్మవారికి నిమ్మకాయలు సరిపోతన్నట్టు నేదు, గుమ్మడికాయ కొట్టించండి" అనేవారు. అతనికి వినబడలేదని వాళ్ళనుకునేవారు. వినబడలేదు కూడా. కానీ నవ్వుతున్న నోళ్ళు కనబడతాయి కదా.

ఆ రోజుల్లో వచ్చింది ఆ కారు. మన ఊళ్ళల్లో డాక్టర్లు మొట్టమొదట కొన్న చిన్న కారు ఉంది చూడండి, మూడు సిలిండర్లది, అదే. కారు ముసలిదే గానీ దాని యజమాని ముసలివాడు కాదు. అచ్యుతాపురం వైపు మందుల కంపెనీలో ఇంజనీరు. సెలవురోజు వస్తే కార్లతో ఆడుకునే మనిషి. కొత్త కార్లని కంప్యూటరుతో సరిచేసేవాళ్ళు చాలామంది ఉన్నారట, కార్బురేటరు బండిని చేత్తో లేపేవాళ్ళు మాత్రం విశాఖపట్నంలో కూడా దొరకడం లేదట. ఎవరో మా షెడ్డు చెప్పారు. ఎవరు చెప్పారో గానీ మా బావ చెవుల సంగతి వాళ్ళకి తెలిసినట్టు లేదు.

నేను వద్దన్నాను. చిన్న పని అయితే సరే, ఇది పేరు పోయే పని. బావ ఆ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. బోనెట్ ఎత్తి ఇంజను మీద అరచెయ్యి వేసి చాలాసేపు ఉంచాడు, జ్వరం చూసినట్టు. మా వరసలో వాళ్ళు నలుగురైదుగురు టీ గ్లాసులతో చూస్తున్నారు. వాళ్ళందరూ వినేలాగే నాతో అన్నాడు.

"ఈ బండి సెప్పాల బావా. నేను ఉండాలో, సంచీ సద్దుకుని ఎల్లిపోవాలో. మనుసులు సెప్తే నేనినను."

అదీ పందెం. బండి బాగా ఉరికితే షెడ్డులో ఉంటాడు, లేకపోతే పోతాడు. డబ్బు మాట అందులో లేదు. పోతే పోయేది అతనొక్కడూ కాదు. వినేవాడు లేకపోతే నేను ఏం విప్పాలి?

పని చాలా రోజులు పట్టింది. హెడ్డు చెక్కించాం. పెద్ద కార్బురేటరు వెతికి తెచ్చాం. సైలెన్సరు పైపు వెడల్పుది వేశాం. బరువు తగ్గాలని ఇంజనీరే వెనక సీటు పీకించేశాడు. బిగింపు అంతా అయ్యాక ఇంజను మాట వినాల్సిన రోజులు వచ్చాయి. అప్పుడు నన్ను షెడ్డులో ఉండనిచ్చేవాడు కాదు. టీ తాగి రమ్మనేవాడు. తాగి వచ్చాను అంటే ఇంకోటి తాగి రమ్మనేవాడు. రేకు తలుపు సగం దించి లోపల ఏం చేసేవాడో తెలియదు. ఇంజను గొంతు మాత్రం బయటికి వినబడేది. లేచేది, దిగేది, మళ్ళీ లేచేది. నేను టీకొట్టు బల్ల మీద కూర్చుని మా ఇంటామె కాన్పు గదిలో ఉన్నప్పుడు కూర్చున్నట్టు కూర్చునేవాడిని. ఆఖరి రోజున ఆ గొంతులో చిన్న వణుకు కూడా లేదు. నాకు అంత చెవి లేకపోయినా ఆపాటి తెలుసు.

ట్రయలు పెట్టింది సబ్బవరం వెళ్ళే దారిలో, ప్లాట్లు వేసి వదిలేసిన లేఅవుట్లో. ఒక్క ఇల్లూ లేవలేదు. నల్లటి తారు రోడ్డు మాత్రం తాడు పట్టి గీసినట్టు ఉంది. హద్దురాళ్ళ మధ్య మేకలు. ఉదయం పూట, ఎండ ఇంకా ముదరలేదు. మా వరసలో షెడ్డుల వాళ్ళు కూడా బండ్ల మీద వచ్చి గట్టు మీద కూర్చున్నారు. ఎవరూ పిలవలేదు.

అప్పుడు ఇంజనీరు బ్యాగులోంచి ఆ పెట్టె తీశాడు. సబ్బుబిళ్ళంత ఉంది. రబ్బరు కప్పుతో ముందు అద్దానికి అంటించాడు. పెర్ఫార్మెన్స్ మీటరట, ఎవరి దగ్గరో పాతది కొన్నాడట. స్పీడు మీటరు ముల్లు అబద్ధం చెబుతుంది, స్టాప్‌వాచీ పట్టుకున్న వేలు అబద్ధం చెబుతుంది, ఇది చెప్పదు అన్నాడు. బండి ముందుకు తోసే తోపుని అది లోపల కొలుచుకుంటుంది. ఏ మీటా నొక్కక్కర్లేదు. బండి కదలగానే లెక్క మొదలు, వంద దాటగానే లెక్క ఆఖరు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఈ జాతి కారు వందకి చేరడానికి ఇరవై సెకన్ల దాకా తీసుకునేదట. పద్నాలుగు లోపు వస్తే చాలు, ఎక్కడైనా కాలరెత్తుకుని తిరుగుతానన్నాడు. మా బావ తలూపాడు. అతని తలూపడం సంగతి టీకొట్టు ఆవిడకి తెలుసు, ఇంజనీరుకి తెలియదు. నేను దగ్గరికెళ్ళి చేతివేళ్ళతో పద్నాలుగు చూపించి, లోపు, లోపు అని అరిచాను.

బరువు పెరగకూడదని బావ ఒక్కడే ఎక్కాడు. మేకలు గానీ మోటారు సైకిళ్ళు గానీ అడ్డం రాకుండా ఇంజనీరు రోడ్డు ఆ చివరకి వెళ్ళి నిలబడ్డాడు. అంత దూరం నుంచి మేము అగ్గిపుల్లల్లా కనబడి ఉంటాం. నేను ఈ చివర ఉన్నాను, నిమ్మకాయల సంచితో.

నాలుగు కాయలు పెట్టాను. బావ మెల్లగా ఎక్కించాడు. చిట్లాయి. ఆపాడు. చేతులు జోడించాడు. పెదాలు కదిలాయి. తరువాత ఆ కారు వెళ్ళిన తీరు నేను రాయలేను, అన్ని అక్షరాలు నాకు రావు. గట్టు మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారని మాత్రం రాస్తాను.

వెనక్కి వచ్చాక అద్దం దగ్గరకి అందరం మూగాం. మా బావకి అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. పానాల మీద ఉండే అంకెలే అతని బడి. మీటరులో పద్దెనిమిది ఉంది, పక్కన చిల్లర ఏదో ఉంది.

ఇంజనీరు మొహంలో నిరాశ దాచుకోలేకపోయాడు. ఇంకోసారి అని మళ్ళీ ఆ చివరకే వెళ్ళి నిలబడ్డాడు. మళ్ళీ నాలుగు కాయలు, మళ్ళీ దండం, మళ్ళీ పద్దెనిమిది. మూడోసారి కూడా అంతే. చిల్లరలోనే తేడా. అంకెలు ఒకటి పద్దెనిమిది, ఒకటి పదిహేను అని వచ్చి ఉంటే ఎవరికైనా అనుమానం వచ్చేది. మూడూ ఒకే మాట చెప్పాక పెట్టెని అనుమానించేది ఎవడు? పర్వాలేదు మేస్త్రీ గారూ, ముందుకన్నా నయమే కదా అన్నాడు ఇంజనీరు, పెద్దమనిషి తరహాగా. గట్టు మీద వాళ్ళు ఒక్కరు కూడా నవ్వలేదు. వాళ్ళు నవ్వి ఉంటే బాగుండేది.

బావ రుమాలు తీసి అద్దం మీద రబ్బరు కప్పు మచ్చని గుండ్రంగా తుడిచాడు. కారు దిగాడు.

"బండి సెప్పేసింది బావా" అన్నాడు.

ఆ వారమే చీడికాడ బస్సెక్కాడు. అక్కడ కొండవార అతనికి ఇల్లు, కాస్త మెట్ట ఉన్నాయి. నేను చాలా చెప్పి చూశాను. గట్టిగా చెప్పాను, మెల్లగా చెప్పాను. మెల్లగా చెప్పింది అతనికి చేరి ఉండదు. పానాలన్నీ నాకే వదిలేశాడు. మేకు మీద నిమ్మకాయల సంచి ఒక్కటే తీసుకెళ్ళాడు.

తరువాత షెడ్డు సర్దుతుంటే ఆ బారెడు స్క్రూడ్రైవరు చేతికొచ్చింది. చెక్క పిడి అంతా కొరికేసి ఉంది. షెడ్డులో ఎలుకలు పెరిగాయని బోను తెచ్చి పెట్టాను. ఒక్క ఎలుకా పడలేదు.

వినేవాడు లేని షెడ్డు ఎలా ఉంటుందో చెబుతాను. బోనెట్ కింద తల పెట్టి పని చేస్తూ, పన్నెండు పదమూడు పానా అందుకో బావా అని చెయ్యి చాపుతాం. చెయ్యి అలాగే ఉంటుంది. ఏ ఇంజను అయినా స్టార్టు చేసి, అవతలివైపు మొహం ఏమంటుందో అని చూస్తాం. అవతలివైపు బెల్లం బండ్లు పోతూ ఉంటాయి. నేను సాయంత్రాలు మార్కెట్టుకి వెళితే చేతులు వాటంతటవే నిమ్మకాయలు ఏరేవి. ఇంటికి తెచ్చాక గానీ గుర్తొచ్చేది కాదు. మా ఆవిడ కొన్నాళ్ళు ఊరుకుని తరువాత ఊరగాయ పెట్టడం మొదలెట్టింది. జాడీలు నిండాయి. మనింట్లో ఇంత పులుపు తినేదెవరని ఒకరోజు అడిగింది.

వానలు వెళ్ళాక ఇంజనీరు వచ్చాడు. అదే కారు. దిగుతూనే, మా బావ మళ్ళీ వచ్చాడా, ఈ కారుకి నాకు తెలియకుండా ఏమైనా చేశారా అని అడిగాడు. కారు ఆ రోజు నుంచీ ఆయన దగ్గరే ఉంది, మేమేం చేస్తాం? ఆయన చెప్పింది ఇదీ. సెలవురోజు ఒక్కడూ అదే లేఅవుట్‌కి వెళ్ళి, అదే మీటరుతో, తనే నడిపి చూసుకున్నాడు. పద్నాలుగు లోపే వచ్చింది. నమ్మకం చాలక మళ్ళీ మళ్ళీ చూశాడు. ప్రతిసారీ లోపే.

నా కాళ్ళు ఆగలేదు. పద చూపించు అన్నాను. ఇద్దరం ఆ రోడ్డుకి వెళ్ళాం. ఆయన బండిని మొదట్లో నిలబెట్టి గేరు వేయబోతున్నాడు. ఆగు బాబూ, నిమ్మకాయలు పెట్టలేదు అన్నాను. అలవాటుగా వచ్చేసింది ఆ మాట.

"నిమ్మకాయలేంటి మేస్త్రీ?" అన్నాడు ఆయన.

కాయల మీదకి ఎక్కించడం, ఆపడం, చేతులు జోడించడం, అన్నీ వరసగా చెప్పాను. ఆయన ఇంజను ఆపేసి, కిందికి దిగి, కారు వెనకాలకి వెళ్ళి చేత్తో ఒక్క తోపు తోశాడు. కారు మూరెడు కదిలి ఆగింది. నన్ను మీటరు చూడమన్నాడు. లెక్క పరిగెడుతోంది. కారు నిలబడే ఉంది, అంకెలు పోతూనే ఉన్నాయి.

కదిలితే లెక్క మొదలవుతుందని ఆ రోజు ఆయన మాకు చెప్పాడు. చెప్పలేదని నేననను. కానీ నిమ్మకాయలు తొక్కించడం మా లెక్కలో బండి కదలడం కాదు. అది దండంలో భాగం. బండి కదలడం అంటే దండం అయ్యాకే. పెట్టె సంగతి ఆయనకి తెలుసు, నిమ్మకాయల సంగతి మాకు తెలుసు, రెండూ తెలిసినవాడు ఆ రోడ్డు మీద ఒక్కడూ లేడు. ఇక మా బావ దండం ఏళ్ళ తరబడి పెట్టి పెట్టి ఒకే కొలతకి వచ్చేసింది. అందుకే మూడుసార్లూ అదే అంకె.

ఇంజనీరు మళ్ళీ స్టీరింగు ముందు కూర్చున్నాడు. మీ బావ ఊరెక్కడ అని అడిగాడు.

దారిలో షెడ్డు దగ్గర ఆపించి ఆ స్క్రూడ్రైవరు తీసుకున్నాను. మా ఆవిడకి కబురు పెట్టాను, రాత్రికి ఒక మనిషికి ఎక్కువ వండమని. చోడవరం దాటేదాకా నా ఆలోచన అంతా ఒకటే. వెనక సీటు లేదు కదా, తిరుగు దారిలో బావని ఎక్కడ కూర్చోబెట్టాలి? ముందు అతన్ని కూర్చోబెట్టి నేను వెనక ఖాళీలో గోనె పరుచుకుని కూర్చుంటాననుకున్నాను. గోనె కూడా తెచ్చాను.

బావ పెరట్లో నిమ్మచెట్టుకి పాదు చేస్తున్నాడు. కారుని చూశాడు, నన్ను చూశాడు.

"ఏటి బావా, ఇలగొచ్చేవు? మాడుగుల మీంచి వత్తే హల్వా తెద్దువు."

చెవులు బాగా పోయాయి. నేనరిచింది చుట్టుపక్కల ఇళ్ళకి చేరింది గానీ అతనికి సగమే చేరింది. ఇంక మాటలు మానేసి చెట్టుకింద రాలిన కాయలు నాలుగు తెచ్చి చక్రాల ముందు పెట్టాను. అతన్ని మీటరు కనబడేలా కిటికీ దగ్గర నిలబెట్టాను. ఇంజనీరు కారుని కాయల మీదకి ఎక్కించి ఆపాడు. అంకెలు పరిగెత్తాయి. నేను కారు పక్కన నిలబడి రెండు చేతులూ జోడించాను. పుట్టి బుద్ధెరిగాక నేను అమ్మవారి గుడి వైపు అలా చేతులు జోడించడం అదే మొదలు. బావ నా చేతుల వంక చూశాడు, అంకెల వంక చూశాడు. అర్థమైంది. ముందు భుజాలు కదిలాయి. తరువాత నవ్వు వచ్చింది. నవ్వి నవ్వి పాదు గట్టు మీద కూలబడ్డాడు. వాళ్ళావిడ కంగారుపడి బయటికి వచ్చింది.

"అమ్మకెట్టిన దండానికి కూడా టైమేసిందేటి ఆ దొంగముండ."

పద పోదాం, అందరి ముందూ మళ్ళీ నడుపుదువు గాని, నీ పని తప్పలేదు అని అరిచాను. స్క్రూడ్రైవరు చేతికిచ్చాను. అతను ఆ కొరికిన పిడి మీద బొటనవేలుతో రాశాడు. బోనెట్ ఎత్తమన్నాడు. ఇంజను నడుస్తుండగా మొన దాని మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకోలేదు. నోట్లో పెట్టుకుని పళ్ళతో కరిచిపట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. చెవిలోంచి పోని చప్పుడు ఎముకలోంచి పోతుంది. సగం దించిన రేకు తలుపు వెనక అతను చేసింది ఇదన్నమాట. ఆ కారుని మొత్తం పళ్ళతో విన్నాడు. నేను ఎలుకలబోను పెట్టాను.

పిడి నోట్లోంచి తీసి, తుడిచి, మళ్ళీ నా చేతిలోనే పెట్టాడు. అప్పుడన్న మాటలు నాకు ఉన్నవి ఉన్నట్టు గుర్తున్నాయి.

"బాగా ఉరికిందని నాకా రోజే తెలుసు బావా. ఈపు సీటుకతుక్కుపోనాది. ఆ పెట్టె తప్పు సెప్తందని తెలుసు."

మరెందుకు వెళ్ళిపోయావని అడిగాను. అది అరవలేదు. పెదాలు చూసి అర్థం చేసుకున్నాడేమో.

"ఇంక పళ్ళు కూడా ఊగుతన్నాయి. ఎన్నాళ్ళు దాత్తాను? సెవుడొచ్చేసింది అని నా నోటితో సెప్పుకోనేక సత్తన్నాను. ఆ పెట్టె సెప్పేసింది. మంచే సేసింది."

నేను తెచ్చిన గోనె వైపు చూశాను.

వాళ్ళావిడ టీ ఇచ్చింది. తాగాక బావ లుంగీ సవరించుకుని ఒక్కసారి నడుపుతానన్నాడు. ఊరి బయట జీడితోటల మధ్య తిన్నని రోడ్డు ఉంది. ఆ పూట మనిషి అలికిడి లేదు. ఇక్కడ వంద వద్దని ఇంజనీరు మీటరుని అరవైకి మార్చాడు. తను పక్క సీట్లో కూర్చున్నాడు. నేను వెనక ఖాళీలో గోనె మీద కూర్చున్నాను. ఆ గోనె అందుకైనా పనికొచ్చింది. అంతకు ముందే నాలుగు కాయలు పెట్టి వచ్చాను. ఈసారి చక్రం గాలి చూస్తున్నట్టు నటించలేదు.

కాయలు చిట్లాయి. బావ బ్రేకు తొక్కాడు. అనకాపల్లి ఎటువైపో తెలుసుకుని అటు తిరిగాడు. చేతులు జోడించాడు, కళ్ళు మూసుకున్నాడు. మీటరులో అంకెలు అప్పటికే పరిగెడుతున్నాయి. ఇంజనీరు దాన్ని మళ్ళీ సున్నాకి తెద్దామని చెయ్యి చాపాడు. మంచి మనిషి, ఈసారైనా సరైన లెక్క చూపిద్దామనుకున్నాడు. నేను వెనక నుంచి ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"ఉండనీ బాబూ. లెక్కెట్టనీ."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ రోజు దండం పాత కొలత దాటిపోయింది. బావకి ఎక్కడా తొందర లేదు. పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఏం చెప్పుకున్నాడో నాకు తెలియదు, నేనడగలేదు. జీడాకు రాలి బోనెట్ మీద పడింది. ఇంజను అతను వదిలిన గొంతులోనే, వణుకు లేకుండా ఆడుతోంది. అతనికి అది వినబడలేదు. నాకు వినబడింది. ఇన్నేళ్ళూ అతను నాకోసం విన్నాడు, ఆ కాస్తసేపూ అతని కోసం నేను విన్నాను.

ఆ తరువాత గేరు వేసి వెళ్ళాడు. నా వీపు వెనక రేకుకి అతుక్కుపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు నేను ముందు సీట్లోనే కూర్చున్నాను. మా ఆవిడ ఎక్కువ వండిన అన్నం మర్నాడు పొద్దున తాలింపు పెట్టింది.

బావ ఇప్పుడు లేడు. షెడ్డూ లేదు, నేనూ పని మానేశాను. ఇంజనీరు ఇప్పటికీ ఎప్పుడైనా వస్తాడు. పద్నాలుగు లోపు వచ్చిన ఆ మంచి అంకె, దాని చిల్లరతో సహా ఆయనకి నోటికి వచ్చు. నాకు గుర్తులేదు. చీడికాడ రోడ్డు మీద వచ్చిన అంకె మాత్రం గుర్తుంది. అరవై అందుకోవడానికి ముప్పై ఒకటి. ఎడ్లబండి కూడా సిగ్గుపడే అంకె. అందులో కారు పరిగెత్తింది కొంచెమే. మిగతాదంతా అతను కళ్ళు మూసుకుని కూర్చున్నది, వెనక గోనె మీద నేను అతని మెడ చూస్తూ కూర్చున్నది.